కొప్పులో దాచిన నోటు

జూన్ 4

చిట్టెలుకకి,

మీ అమ్మ కొత్త టీ కప్పులు కొంది. నీలం పువ్వులు, అంచుకి బంగారు గీత, అంతా బాగానే ఉంది. కానీ కప్పు చెవిలో నా వేలు దూరదు. ఎవరి వేళ్ళు కొలిచి చేశాడో ఆ చేసినవాడు, వాడింట్లో అందరివీ అగ్గిపుల్లల్లాంటి వేళ్ళయి ఉండాలి. నిన్న బలవంతాన దూర్చాను. ఇక బయటికి రాదు. కప్పు వేలాడేసుకునే పెరట్లోకి పోయి, సబ్బు రాసి లాక్కున్నాను. మీ అమ్మ నవ్వీ నవ్వీ గోడకి జారబడింది. నవ్వనీ. ఆవిడకీ ఒక రోజు వస్తుంది.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను మెట్ల కింద ఉంది. మెట్ల పైన మీ క్యాషియర్ తాత ఉన్నాడు. వాడి చెవులు పాముచెవులు. ఇప్పుడు నేను చెప్పబోయేది వాడి గురించే.

మీ నానమ్మకి తమ్ముడు కదా, ఒంటరివాడు కదా అని బ్యాంకులో రిటైరైన రోజున పై వాటా ఖాళీ చేసి ఇచ్చాం. వచ్చిన నాటినుంచీ పాత నోట్లు పోగేసేవాళ్ళ సంఘం అంటాడు, దానికి తనే అధ్యక్షుడంటాడు, భూతద్దం చేతిలోంచి దించడు. నేనూ పోగేశాను, నలభై ఏళ్ళు. కాకపోతే నాకు భూతద్దం లేదు. రేవు గేటు పక్కన నా షాపు, ఓడ దిగినవాడు ముందు నా కుర్చీలోకే వచ్చేవాడు. క్షవరం అయ్యాక జేబులో మిగిలిన చిల్లర నోటు, ఇక్కడ ఎక్కడా చెల్లనిది, నవ్వుతూ నా చేతిలో పెట్టేవాడు. అలా నిండింది ఆల్బమ్. ఆ నోట్ల మీద రాతలు నాకు రావు, అందుకని దేశాలకి నేనే పేర్లు పెట్టుకున్నాను. జంట గడ్డాల దేశం. పాపిడి తప్పిన దేశం. జడల రాజుగారి దేశం. నువ్వు బళ్ళో చేరిన కొత్తలో భూగోళం పరీక్షలో అవే రాసొచ్చి తన్నులు తిన్నావు, జ్ఞాపకం ఉందా?

మన నోటు చరిత్ర కూడా నాకు అలాగే తెలుసు. మొదట్లో మనకి సొంత నోటే లేదు. సముద్రం అవతలి రాణిగారి నోటు, ఉంగరాల జుట్టు. ఆవిడ మనుషులు ఓడెక్కి పోయాక మన నోటు మనం అచ్చేసుకున్నాం. తొందరలో వేశారు, తడి తగిలితే రంగు చేతికంటేది. నాది పొద్దస్తమానం తడిచెయ్యే. ఆ నెలంతా నా గిరాకీల చెంపలు ఆకుపచ్చగా ఉండేవి. ఆ నోటు మీద మన మొదటి పెద్దాయన, నున్నటి గుండు. ఇలాంటాయన్ని చూసి జనం కూడా గుళ్ళు చేయించుకుంటే నా గతేంటని బెంగపడ్డాను. ఆయన్ని దించి జనరల్ వచ్చాడు. అన్ని నోట్ల మీదా తన మొహమే ఉండాలన్నాడు. అచ్చయ్యాయి, పెట్టెలకెక్కాయి, బ్యాంకుల గడప తొక్కకముందే జనరల్ పడిపోయాడు. పెట్టెలన్నీ రేవు వెనక బయల్లో పోసి తగలబెట్టారు. ఒక్క నోటు ఎవరి దగ్గర దొరికినా జనరల్ మనిషి కింద లెక్క, జైలే. తర్వాత వచ్చినవాళ్ళకి మనుషుల మీద నమ్మకం పోయి నోటు మీద చేపలు వేశారు. ఆ చేపల నోట్లు సంచుల్లో మోసుకొచ్చి క్షవరం చేయించుకునే రోజులు వచ్చాయి. ఆఖరికి ఒక పొద్దున ప్రభుత్వమే కత్తెర పట్టి నోటుకున్న సున్నాలు మూడు కత్తిరించేసింది. మా వృత్తిలో కూడా అంత పొట్టిగా కత్తిరించరు.

ఆ జనరల్ నోటొకటి మనింట్లో ఉండేది. పెట్టెలు తగలబెట్టిన కాపలావాడు కనుబొమ్మలు కమిలిపోయి సరిచేయించుకోడానికి నా షాపుకొచ్చాడు. వాడు లేచి వెళ్ళాక మీ నానమ్మ నేల మీది జుట్టు ఊడుస్తుంటే చీపురుకి తగిలింది, ఒక మూల కాలిన నోటు. వాడి చొక్కా మడతలోంచి జారినట్టుంది. పారేద్దామన్నాను. ఆవిడ వినలేదు. ఇంతమంది కలిసి ఒక కాగితాన్ని లేకుండా చెయ్యాలని చూస్తున్నారు, ఒకటైనా ఉండనీ అంది. మర్నాడు సోదాకి వచ్చారు. అద్దం ఊడదీశారు, కుర్చీ దిండు కోశారు, సబ్బు డబ్బాలో వేలు పెట్టి కెలికారు. మీ నానమ్మ వాళ్ళ కాళ్ళ చుట్టూ ఊడుస్తూనే ఉంది. నోటు నాలుగు మడతలు పెట్టి ఆవిడ కొప్పులో ఉంది. ఆ ఆఫీసరు కొప్పు చూసి, మంచి జుట్టమ్మా అని మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

ఇంత కథ ఉన్న నోటుని పోయిన ఏడాది అందరూ భోజనాలకి కూచున్నప్పుడు మీ క్యాషియర్ తాతకి చూపించాను. దీపానికి పెట్టి చూశాడు, వేలితో మీటాడు, నూనె మరక మీద భూతద్దం పెట్టాడు. పెట్టి అన్నాడు:

"రంగు కాగితం బావా. అసలు నోటు మీద నూనె ఇలా పాకదు. పాపం మా అక్క కేలండరు ముక్క కోసం కొప్పు విప్పుకుంది."

మీ నాన్న నవ్వాడు. మీ అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. నకిలీ నోటు ఇలా ఉంటుందని సంఘంలో కుర్రాళ్ళకి చూపిస్తానన్నాడు, తీసుకుపొమ్మన్నాను. ఆ రాత్రి మీ నానమ్మ పటం వంక చూడలేకపోయాను.

నిన్న గ్రంథాలయంలో గోడ మీద కాగితం అంటించారు. వచ్చే నెల రెండో ఆదివారం నోట్ల ప్రదర్శన. మధ్యలో పెద్ద బొమ్మ. కాలిన మూల, నాలుగు మడతల గీతలు, నూనె మరక. కింద ఏమి రాశారో తెలుసా? ఎన్నడూ విడుదల కాని అరుదైన నోటు, అధ్యక్షుల వారి సొంత సేకరణ అట.

ఒళ్ళు మండుతోంది. వాణ్ణి వదలను.

మీ నాన్నకి చెప్పకు. వాడు మనిషి మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు.

నీ ముసలి దొంగ,
తాత

జూన్ 11

తాతయ్యా,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. కళ్ళద్దాలకి గాజు అరగదీసే మిషను దగ్గర కూచుని చదువుతుంటే ఎవరిదో అద్దం అంచు విరిగింది. మా యజమానురాలు ఆ అద్దాన్ని ఎత్తి కిటికీకేసి చూపిస్తూ, మీ తాతగారు ఇంకోసారి రాస్తే నీ జీతంలో పట్టుకుంటానంది. నేను ఆవిడకి కప్పు చెవి సంగతి చదివి వినిపించాను. నవ్వింది. వదిలేసింది.

క్యాషియర్ తాత చేసింది తప్పే. కానీ తాతయ్యా, ఒక్క నోటు కోసం ఈ వయసులో ఇంట్లో పోట్లాట ఎందుకు? మెట్లెక్కి దిగేవాళ్ళు మీరిద్దరే, పలకరించుకునేదీ మీరిద్దరే. పాత నోట్లు ఇక్కడ సంతలో బోలెడు దొరుకుతాయి. నీ ఆల్బమ్‌లో ఖాళీ ఉండకుండా ఒకటి కొని ఈ కవరులో పెట్టాను. దాని మీద జిరాఫీ ఉంది. అమ్మినవాడు చాలా దూరదేశానిదన్నాడు. జనరల్ నోటే కావాలంటే అది కూడా వెతికిస్తాను, ఎంతైనా సరే. నువ్వు దిగులు పడకు.

మందులు వేసుకుంటున్నావా? అమ్మ అడిగితే వేసుకున్నానంటావని తెలుసు. అందుకే నేను అడుగుతున్నాను.

మీ చిట్టెలుక

జూన్ 17

జిరాఫీ పంపిన మహాతల్లికి,

జిరాఫీ అందింది. అందంగా ఉంది. మెడ పొడుగు, క్షవరం చెయ్యాలంటే నిచ్చెన కావాలి. ఆల్బమ్‌లో పెట్టాను, కానీ నువ్వు చెప్పిన ఖాళీలో కాదు. ఆ ఖాళీలో ఏదీ పెట్టను.

నీకు అర్థం కాలేదే పిల్లా. నోటు పోయిందని ఏడుస్తున్నానా నేను? బళ్ళకొద్దీ తెచ్చిపోసినా నాకొద్దు. ఇంతమందిలో మీ నానమ్మని పిచ్చిదాన్ని చేశాడు, సొంత అక్కని. కేలండరు ముక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నదని నవ్వించాడు. నవ్వించి, ఆవిడ దాచినదాన్ని తన పేరు మీద అద్దాల పెట్టెలో పెట్టించుకుంటున్నాడు. సోదాల వాళ్ళు కూడా ఆవిడ దగ్గర్నుంచి తీసుకోలేకపోయారు. వీడు తీసుకున్నాడు. ఆ పెట్టె పక్కన ఆవిడ పేరు ఉండాలి. వాడి నోటితోనే, పదిమంది ముందు, అసలు నిజం బయటికి రావాలి. అంతవరకు నాకు అన్నం సయించదు.

మొన్న మెట్ల దగ్గర ఎదురుపడి అడిగాను, ఆ గోడ మీది నోటు మనదేనా అని. మొహం చూడు వాడిది, పాలు తాగిన పిల్లిలా పెట్టాడు. అది వేరే బావా, నీ కాగితాన్ని అప్పుడే చింపేశాను అన్నాడు. ఆ మరక నా పెళ్ళాం కొప్పు నూనెది. నాకు తెలీదా?

సరే. ఒక ఉపాయం తట్టింది. వాడికి గడ్డం నేను తప్ప ఇంకెవరూ గీయరు, ఇవాళ్టి మాట కాదు. ఎడమ చెంప కింద మచ్చ ఉంది, వేరేవాళ్ళ కత్తి దాన్ని గీరేస్తుంది. ప్రదర్శన రోజు పొద్దున్నే వరండాలో నా పాత కుర్చీలో వచ్చి కూచోవాల్సిందే, మెడ వెనక్కి వాల్చాల్సిందే, కళ్ళు మూసుకోవాల్సిందే. కత్తికి రోజూ సాన పెడుతున్నాను. తోలుపట్టీ మీద రాస్తుంటే వాడు పైనుంచి తొంగి చూసి, ఏంటి బావా ఇంత పదును అన్నాడు. నీకోసమే అన్నాను. నవ్వాడు. ఒక్క గీత చాలు. ఆ గీత తర్వాత వాడు జనం మధ్యకి ఎలా వెళతాడో చూస్తాను.

మందులు వేసుకుంటున్నాను. చేదువి కుండీలో మొక్కకి, తియ్యవి నాకు. మొక్క కూడా బాగానే ఉంది.

కోపంగా ఉన్నా నీ మీద కాదు,
తాత

జూన్ 22

తాతయ్యా,

ఈ ఉత్తరం చూడగానే కత్తి అమ్మ చేతికి ఇచ్చెయ్యి. నీకు దణ్ణం పెడతాను. గొంతు మీద కత్తి పెట్టే మాటలు రాయడం ఏంటి? నిన్న నీ ఉత్తరం చదివి ఎడమ కంటి అద్దం తీసి కుడివైపు బిగించాను, ఆ కళ్ళజోడు పెట్టుకున్నాయన షాపు బయటికి వెళ్ళి స్తంభాన్ని గుద్దుకుని మళ్ళీ వచ్చాడు.

నానమ్మ ఉంటే ఒప్పుకుంటుందా? కోపం వస్తే అరువు, తిట్టు, నెలరోజులు మాట్లాడకు. రక్తం కళ్ళ చూసే ఆలోచన మాత్రం వద్దు. నువ్వు వింటావని నాకు నమ్మకం లేదు, అందుకని నేను చెయ్యాల్సింది చేశాను. ఏం చేశానో అడగకు. అందరి మంచికే.

వెంటనే జవాబు రాయి.

మీ చిట్టెలుక

జూలై 1

మనవరాలా,

ముందు ఇది విను. నా పరువు పోయింది.

పోయిన ఆదివారం పొద్దున కుర్చీ తుడిచి, నీళ్ళు కాచి వరండాలో కూచున్నాను. ఆదివారం వచ్చేవాళ్ళు ఎవరో నీకు తెలుసు. ఓడల్ని రేవులోకి నడిపించి రిటైరైన పైలట్ ముసలాడు, మూలమీద టీ కొట్టు కుంటాయన. షాపు మూసేశాక కూడా నా చేతికి అలవాటుపడి మానలేని ఇద్దరు. ఎండెక్కినా ఇద్దరూ రాలేదు. నేనే టీ కొట్టుకి వెళ్ళాను. కుంటాయన మొహం దాచుకున్నాడు. ఒక చెంప మీద గాటు, సొంతంగా గీసుకున్నాడన్నమాట. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. నా చెయ్యి వణుకుతోందట. నేను ఒప్పుకోవట్లేదట. ఇంట్లోవాళ్ళు లోలోపల కుమిలిపోతున్నారట. క్యాషియర్ గారు ఎంతో బాధపడుతూ వీధంతా చెప్పాడట, పాపం బావకి చెప్పకండి, తట్టుకోలేడు అని.

నా చెయ్యి. తుఫానుకి ఊగుతున్న ఓడ మీదికెక్కి కెప్టెనుకి గడ్డం గీసిన చెయ్యి.

ఇంటికొస్తే కత్తి లేదు. మీ అమ్మ దాచేసింది. అడిగితే, పెద్దవారయ్యారు మావయ్యా, విశ్రాంతి తీసుకోండి అంటుంది ఎంతో మెత్తగా. ఆ మెత్తదనం చూస్తే అర్థమైంది. ఈ పుకారు పుట్టించింది ఆవిడే. కప్పు పట్టుకున్నప్పుడు నా వేలు చూసి ఉంటుంది. అందుకని నేను కుక్కరు విజిల్ దాచేశాను. మూడు రోజులుగా అన్నం పలుకు పలుకుగా ఉడుకుతోంది. మీ నాన్న ఎందుకిలా ఉందంటాడు, ఆవిడ బియ్యాన్ని తిడుతుంది. కత్తి వచ్చేదాకా విజిల్ రాదు.

వాడు మాత్రం తెలివైనవాడు. నోటు తీసుకున్నాడు, నా పెళ్ళాం పరువు తీశాడు, ఇప్పుడు నా చెయ్యి కూడా తీసుకున్నాడు. ప్రదర్శన రోజుకి కొత్త సెలూన్‌లో గీయించుకుంటాడట, చల్లగాలి మిషను ఉన్నదాంట్లో. మచ్చ సంగతి జాగ్రత్తగా చూసుకుంటారట అక్కడ.

ఇంకోటి. నీ ఉత్తరం అందింది. రక్తం ఏంటే, గొంతు ఏంటే? నేను గొంతన్నానా? నేననుకున్నది కనుబొమ్మ. ఒకటే. ఎడమది. ఒక్క గీతతో తీసేసి, రెండోది మిగలాలంటే నిజం చెప్పు అని బేరం పెడదామనుకున్నాను. మీ తాత హంతకుడిలా కనిపించాడా నీకు? రెండు రోజులు నవ్వాను. మూడో రోజు ఈ చెయ్యి కబురు తెలిసి నవ్వు ఆగిపోయింది.

నువ్వేదో చేశానన్నావు. ఏం చేశావు?

తాత

జూలై 6

తాతయ్యా,

అమ్మకి విజిల్ ఇచ్చెయ్యి. పుకారు పుట్టించింది అమ్మ కాదు, నేను.

నువ్వు నిజంగా ఆయన్ని చంపేస్తావేమోనని భయపడి క్యాషియర్ తాతకి ఉత్తరం రాశాను. నిజం రాయలేను కదా. అందుకని తాతయ్య చెయ్యి ఈమధ్య వణుకుతోంది, మీరు ఆయన దగ్గర గడ్డం గీయించుకోకండి, ఎవరికీ చెప్పకండి అని రాశాను. ఆయన ఎవరికీ చెప్పరనుకున్నాను. నీ కనుబొమ్మని నేను గొంతనుకున్నాను, నా మర్యాదని ఆయన ఆయుధం చేసుకున్నారు. నీ చేతికి మచ్చ తెచ్చింది నేనే. ఈ రెండు రోజులు షాపులో ఎవరి మొహం చూడలేదు.

కానీ ఇంకో సంగతి. ఆయన నాకు జవాబు రాశారు. జాగ్రత్త చెప్పినందుకు థాంక్స్ అన్నారు. ప్రదర్శనకి రమ్మన్నారు. చివర్లో ఈ మాట రాశారు: మీ తాత మంచివాడే కానీ మొరటువాడు, విలువైన వస్తువులు అలాంటివాళ్ళ చేతుల్లో పాడైపోతాయమ్మా, అందుకే కొన్ని నేను కాపాడాను.

కాపాడారట. చదివి ఆ కాగితాన్ని అరగదీసే మిషను కింద పెట్టాలనిపించింది.

మొదటి ఉత్తరంలో పోట్లాట ఎందుకన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నప్పుడు నాకు జడ వేస్తూ నానమ్మ ఆ ఆఫీసరు సంగతి చెప్పేది. చెబుతూ తన కొప్పు మీద ఒకసారి చెయ్యి పెట్టుకునేది, నోటు ఇంకా అక్కడే ఉన్నట్టు. ఆవిణ్ణి చూసి ఎవరైనా నవ్వారంటే నేను ఊరుకోను. కనుబొమ్మ చాలదు తాతయ్యా. నీకేమి తోస్తే అది చెయ్యి. గొంతు తప్ప.

మీ చిట్టెలుక

జూలై 15

నా అసలు వారసురాలికి,

విజిల్ ఇచ్చేశాను. కత్తి వచ్చింది. మీ అమ్మకి నువ్వు చేసిన పని చెప్పాను. మనవరాలూ తాతా ఒకటే మూస అంది. అంత మెప్పు ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

ఆ కొత్త సెలూన్ ఎవరిదో తెలుసా? నా దగ్గర పని నేర్చుకున్న వాడిదే. నురగ కలపడం రాక మొదటి నెలంతా తన్నులు తిన్నాడు, ఇప్పుడు చల్లగాలి మిషను పెట్టాడు. శనివారం వాడి దగ్గరికెళ్ళి, రేపు పొద్దున కాసేపు నీ కుర్చీ కావాలన్నాను. ఎందుకు గురువుగారూ అనలేదు. తీసుకోండి అన్నాడు.

ఆదివారం ప్రదర్శన. బెంచీ మీద గిరాకీలు నిండుగా కూచున్నారు, నేనే పిలిపించాను. పైలట్, టీ కొట్టాయన, గ్రంథాలయంలో ప్రదర్శనకి చీటీలు రాసే గుమాస్తా, ఇంకా ఇద్దరు ముగ్గురు. నేను వెనక పరదా చాటున. మన క్యాషియర్ కొత్త చొక్కా వేసుకుని, గుబురు మీసం దువ్వుకుని వచ్చాడు, కళ్ళజోడు తీశాడు, వాలాడు. శిష్యుడు వేడి తువ్వాలు కళ్ళ మీద కప్పి పక్కకి జరిగాడు. నేను ముందుకొచ్చాను. నురగ రాశాను. కత్తి అందుకున్నాను.

మొదటి చెంప అయ్యేసరికి వాడు కరిగిపోయాడు.

"నీ చెయ్యి ఎంత మెత్తగా ఉందోయ్. మా బావది ఒట్టి గరుకు. ఇన్నాళ్ళు ఎలా భరించానో."

బెంచీ మీద పైలట్ చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. నేను సైగ చేస్తే శిష్యుడు మాట కలిపాడు, ఇవాళ పెట్టే జనరల్ నోటు నిజంగా అసలుదేనా సార్ అని. కుర్చీలో మనిషి అబద్ధం ఆడడు, చిట్టెలుకా. మెడ వాల్చి కళ్ళు మూసుకున్నవాడికి లోపలున్నదంతా పైకొస్తుంది. నలభై ఏళ్ళు చూశాను.

"అసలుదే. వేలితో మీటగానే తెలిసింది."

"మరి మీ బావగారికి నకిలీ అని చెప్పారటగా?"

"చెప్పకపోతే వదులుతాడా? పైగా మా అక్క పేరు రాయాలంటాడు. జుట్టు ఊడ్చేదాని కొప్పులో దొరికిందని అధ్యక్షుణ్ణి నేను ఎలా రాసుకోనోయ్?"

అప్పుడు నా కత్తి వాడి గొంతు మీదే ఉంది. నీకు నిజం చెప్పాలి. ఆ ఒక్క క్షణం నీ భయం ఉత్త భయం కాదు. చెయ్యి ఆగిపోయింది. సబ్బు డబ్బా కెలికిన వేళ్ళు, వాళ్ళ కాళ్ళ మధ్య తిరిగిన చీపురు, అన్నీ కళ్ళ ముందు ఆడాయి. అంత భయంలో ఆవిడ చెయ్యి వణకలేదు. నాదెందుకు వణకాలి అనుకున్నాను. గీత పూర్తిచేసి, కత్తి తుడిచి అన్నాను:

"తల కదపకు బావమరిదీ. ఇంకో చెంప ఉంది."

తువ్వాలు కింద వాడి మొహం ఎలా మారిందో చూడలేదు గానీ కాళ్ళు రెండూ బిగుసుకుపోయాయి. లేవబోయాడు. మచ్చ దగ్గరున్నాను, కదిలితే నీదే పూచీ అన్నాను. పడుకున్నాడు. మిగతా చెంప గీస్తూ నిదానంగా చెప్పాను నాకేం కావాలో. నోటు పక్కన చీటీ మారాలి. దాని మీద మీ నానమ్మ పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. సోదాల రోజుల్లో కొప్పులో పెట్టుకుని కాపాడిన మనిషి అని ఉండాలి. అధ్యక్షుల వారి అక్క అని కూడా ఉండాలి, దాచుకోవాల్సిన చుట్టరికం కాదు కనక. గుమాస్తా బెంచీ మీదే రాసేసుకున్నాడు. తను నకిలీ అన్నది అబద్ధమని వాడు తువ్వాలు లోంచే చెప్పాడు, అందరికీ వినపడేలా. రెండోసారి కూడా చెప్పించాను, పైలట్‌కి చెవి సరిగా వినపడదు మరి.

లేచాక మొహం మీద ఒక్క గాటు లేదు. మచ్చ చెక్కుచెదరలేదు. టీ కొట్టాయన దగ్గరికొచ్చి ఆ చెంపలు రెండూ తడిమి చూసి, వచ్చే ఆదివారం నేను మీ దగ్గరికే వస్తాను అన్నాడు. వీధంతా ఆయనే చెబుతాడు ఇక.

సాయంత్రం మీ నాన్న, అమ్మ, నేను వెళ్ళాం. నోటు అద్దాల పెట్టెలో పచ్చటి బట్ట మీద ఉంది. చీటీ నేనే చదివాను, ఒక్కో మాటా నిదానంగా, పైకి. వెనక జనం ఆగారు. ఎవరూ తొందర పెట్టలేదు. మీ నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఆరోజు నవ్వింది గుర్తొచ్చిందేమో. ప్రదర్శన అయ్యాక నోటు మనకిచ్చేస్తానన్నాడు, నీకు పంపిస్తాను. నీ దగ్గరే ఉండాలి.

క్యాషియర్ మాత్రం సాయంత్రమంతా ఆ పెట్టె పక్కనే నిలబడ్డాడు. అధ్యక్షుడు కదా, తప్పదు. పత్రికవాడు నోటుతో కలిపి ఫోటో తీశాడు. పత్రిక ముక్క ఇందులో పెట్టాను. బాగా చూడు. నోటు మీద జనరల్ మొహం చూడు, తర్వాత పక్కన నిలబడ్డ మొహం చూడు.

ఆ జనరల్ మీసం లోకంలో ఇంకెవరికీ ఉండదు. ముక్కు కింద సన్నటి సందు, రెండు ముక్కలుగా అటూ ఇటూ, కొసలు కిందికి వాలి ఉంటాయి. వాడు ఏడాదిగా ఆ నోటు మీద మడతలు చూశాడు, నంబరు చూశాడు, మరక చూశాడు. మీసం నేను చూశాను. పైపెదవి దగ్గరికి వచ్చేసరికి వాడు భయంతో కళ్ళు బిగించుకుని ఉన్నాడు, నా కత్తి ఊరుకోలేదు, వాడి మీసాన్నీ అలాగే చెక్కింది. తర్వాత అద్దంలో చూసుకున్నాడు కూడా, కానీ గాటు కోసం చూసుకున్నాడు.

జనరల్ రోజులు తెలిసిన ముసలాళ్ళు ఒక్కొక్కరే నోటు చూసి, వాణ్ణి చూసి, పెదాలు బిగించుకుని, కాళ్ళు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టి వెళ్ళారు. అదంతా అధ్యక్షుడికిచ్చే మర్యాదే అనుకుని అందరికీ తలాడించాడు. ఇవాళ మేడ మీద నుంచి అరిచి చెప్పాడు, బావా, ఈ ఊళ్ళో నాకింత గౌరవం ఉందని నాకే తెలీదు అని.

ఆ మీసం మళ్ళీ నిండడానికి నెల పడుతుంది. ఈలోగా నువ్వు ఉత్తరం రాసి జాగ్రత్తలు చెప్పావో, నీ సంగతి చూస్తాను. మొదటి సెల్యూట్ కొట్టింది నేనే.

తాత